కంపెనీ సీడీ ఆడుతోంది, పెళ్లి డీవీడీ ఆడట్లేదు: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. ఇప్పుడొచ్చే లాప్‌టాప్‌లకి డీవీడీ డ్రైవే ఉండట్లేదు, ఇంకా ఈ గొడవ ఎవరికుంది అనుకుంటారేమో. ఉంది. ఇంట్లో పెద్దాయన పోతే పెద్దకర్మ నాటికి ఆయన మాట్లాడుతున్న వీడియో ఎక్కడైనా ఉందా అని వెతుకుతారు, అప్పుడు బీరువాలోంచి పాత డిస్కులు బయటికొస్తాయి. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి వచ్చినా, ఇటు కాశీనగర్, గుణుపూర్ నుంచి వచ్చినా అందరిదీ ఒకటే మాట: “సినిమా సీడీ బాగానే ఆడుతోందండీ, మా పెళ్లిదే రావట్లేదు.” నాకు బాధ ఎక్కడంటే, నా దగ్గరికి వచ్చేలోపే ఎవరో చెప్పింది విని ఆ డిస్కుని ఇంకాస్త పాడుచేసుకుని వస్తున్నారు.

అపోహ: సినిమా సీడీ చదువుతోందంటే డ్రైవ్ బాగున్నట్టే, పోయింది డిస్కే.

అలా ఏం లేదు. కంపెనీ సీడీలో, అంటే షాపులో కొన్న సినిమా సీడీ లాంటిదాంట్లో, గుంటలు అచ్చు కొట్టి ఉంటాయి, పైన అల్యూమినియం పూత. పడిన వెలుతురులో 70 శాతం పైనే వెనక్కి కొడుతుంది. స్టూడియోలో రైట్ చేసిన డిస్కులో గుంటలుండవు, ఒక రంగు పొర ఉంటుంది, రైటర్‌లోని లేజర్ ఆ రంగుని అక్కడక్కడ మాడ్చి గుర్తులు పెడుతుంది. కొత్తలో ఇదీ కంపెనీ డిస్కుకి దగ్గరగానే వెలుతురుని వెనక్కి కొడుతుంది గానీ ఎండ, వేడి, చెమ్మ తగిలి ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. మళ్లీ మళ్లీ రాసే సీడీలైతే మొదట్నుంచీ వెనక్కిచ్చేది 15 నుంచి 25 శాతమే. కాబట్టి డ్రైవ్ లెన్సు మీద దుమ్ము పట్టినా, లేజర్ నీరసపడినా ముందు ఆగిపోయేది రైట్ చేసిన డిస్కులే, కంపెనీవి ఇంకొన్నాళ్లు లాక్కొస్తాయి. అందుకే నేను డిస్కుని, డ్రైవునీ విడదీసి చూస్తాను. మీ డిస్కు ఇంకో రెండు డ్రైవుల్లో పెట్టి చూడండి, అందులో ఒకటి డెస్క్‌టాప్‌ది అయితే మంచిది. వేరేవాళ్లు రైట్ చేసిన డిస్కు మీ డ్రైవులో పెట్టండి. ఐదు నిమిషాల్లో తప్పు ఎవరిదో తేలిపోతుంది.

ఇంకో సంగతి, సీడీకి 780 నానోమీటర్ల లేజర్, డీవీడీకి 650. రెండూ వేరు. డీవీడీలు వస్తూ ఏ సీడీ కూడా రాకపోతే లెన్సు తుడిచి చూడండి, అప్పటికీ రాకపోతే సీడీ లేజర్ పోయి ఉండొచ్చు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు.

అపోహ: లెన్సు ముట్టుకోకూడదు, డ్రైవే మార్చాలి.

ముట్టుకోవచ్చు, పద్ధతిగా. డెస్క్‌టాప్ డ్రైవులో లెన్సు లోపల దాక్కుని ఉంటుంది, ట్రే మాత్రమే బయటికొస్తుంది. లాప్‌టాప్‌లో లెన్సు ట్రేతో పాటే వచ్చేస్తుంది, తెరిచిన ప్రతిసారీ ఫ్యాను గాలి, అగరుబత్తి పొగ, వంటింటి జిడ్డు నేరుగా దాని మీదే. లాప్‌టాప్ ఆపేసి, ట్రే ముందువైపు సన్నటి చిల్లులో పేపర్ క్లిప్ తిన్నగా గుచ్చండి, ట్రే బయటికొస్తుంది. చెవిలో పెట్టుకునే దూదిపుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క, 99 శాతంది, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది. లెన్సు వెంట్రుకంత తీగల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి నొక్కకండి, నీటి బొట్టుని తాకినట్టు గుండ్రంగా ఒకసారి తిప్పండి చాలు. ఆరనివ్వండి. మొన్న ఒకావిడ తెచ్చిన డ్రైవులో లెన్సు నీలంగా మెరవాల్సింది బూడిద రంగులో ఉంది, పుల్ల తిప్పితే దూది పసుపుపచ్చగా వచ్చింది, రెండో పుల్లకి నీలం బయటపడింది. తర్వాత 2011 నాటి ఓణీల ఫంక్షన్ డీవీడీ మొదటిసారే తీసుకుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, ప్లాస్టిక్ లెన్సు మసకబారుతుంది.

పెట్టేటప్పుడు ట్రే కింద చెయ్యి ఆన్చి, డిస్కు మధ్యలో బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కండి. సరిగ్గా కూర్చోని డిస్కు గీరుకుపోతుంది.

అపోహ: విండోస్ ఫార్మాట్ కొట్టిస్తే వచ్చేస్తుంది.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ కనబడుతూ, కంపెనీ డిస్కు తెరుచుకుంటుంటే విండోస్‌కి దాదాపు ఏ దోషం లేనట్టే. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ తీసేయమని చెప్పేది డ్రైవే మాయమైపోయినప్పుడు, దీనికి కాదు. అనుమానం ఉంటే విండోస్ బదులు వాడే ఉబుంటు అనే లినక్స్ సిస్టంని లాప్‌టాప్‌లో ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్‌లోంచి నడిపి డిస్కు పెట్టి చూడండి, అక్కడా రాకపోతే ఫార్మాట్ డబ్బులు మిగిలినట్టే. ఒక్క మినహాయింపు: విండోస్ 8 నుంచి డీవీడీ సినిమా ఆడించే సదుపాయం సిస్టంతో పాటు రావట్లేదు, ఫోల్డర్లు కనబడి వీడియో ఆడకపోతే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకోండి, ఉచితమే.

అపోహ: ‘ఖాళీ డిస్క్’ అని చూపిస్తోంది కాబట్టి అందులో ఏమీ లేదు.

దీన్ని నమ్మి చాలామంది మళ్లీ రైట్ చేయబోతారు, దయచేసి చేయకండి. డిస్కు వెనక్కి తిప్పి కిటికీ వెలుతురులో వాల్చి చూడండి. మధ్య నుంచి బయటికి కొంత దూరం ఒక రంగు, ఆ తర్వాత సన్నటి గీత దాటి ఇంకో రంగు కనబడితే అక్కడిదాకా రాసి ఉన్నట్టు. డిస్కు మొత్తం నిండితే గీత అంచు దగ్గరే ఉంటుంది. అది ఖాళీగా కనబడటానికి మొదటి భాగం చదవలేకపోవడం ఒక కారణం, రాసినవాళ్లు చివర్లో ఫైనలైజ్ చేయకపోవడం, అంటే వేరే డ్రైవులు కూడా చదివేలా రాత ముగించకపోవడం, ఇంకోటి. రెండోదైతే అది రాసిన రైటరో, కెమెరానో ఇంకా ఉంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయించండి.

అపోహ: కింద గీతలు పడితేనే ప్రమాదం, పైన ఏం కాదు.

సీడీకి పైవైపే ప్రాణం. మందం 1.2 మిల్లీమీటర్లు, అందులో డేటా ఉన్నది పైన లేబుల్ కిందే, సన్నటి లక్క పూత మాటున. బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాస్తే చాలు. డీవీడీలో డేటా మధ్యలో, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి నడుమ ఉంటుంది, కాస్త నయం. వధూవరుల ఫొటోతో స్టూడియోవాళ్లు అంటించిన కాగితం ఊడుతోంటే పీకకండి, సీడీ అయితే వెండిపూత కూడా లేచి వస్తుంది. టూత్‌పేస్టు రుద్దితే పైపై గీతలు తగ్గొచ్చు, వెలిసిన రంగు మాత్రం తిరిగి రాదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా గజపతి జిల్లాలో ఇళ్లలోకి నీళ్లొచ్చాక డిస్కులు సంచుల్లో తెచ్చారు. బురద పట్టినవాటిని చొక్కాకి తుడిచినవాళ్లే ఎక్కువ నష్టపోయారు. మంచినీళ్ల కింద పట్టి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. అడ్డంగా పడ్డ చిన్న గీతని సీడీ తనకు తాను సరిదిద్దుకోగలదు, ట్రాకు వెంబడి, అంటే గుండ్రంగా, పడ్డ గీతకి ఆ శక్తి చాలదు.

అపోహ: లోపల పాట్ (లేజర్‌కి వెళ్లే కరెంటుని సర్దే చిన్న స్క్రూ) కాస్త తిప్పితే లేజర్ బలం పెరుగుతుంది.

కొన్నాళ్లు పెరుగుతుంది, తర్వాత లేజర్ ఇచ్చే డయోడ్ మాడిపోతుంది. వద్దు.

అపోహ: ఒకసారి ఆడిందిగా, కాపీ తర్వాత చేసుకోవచ్చు.

ఈ మాటతోనే ఎక్కువ పెళ్లిళ్లు పోయాయి. నీరసపడిన డిస్కు ఈరోజు చదివిన డ్రైవులోనే రేపు చదవకపోవచ్చు. ఆడించి చూడటం తర్వాత, ముందు హార్డ్‌డిస్కులోకి, ఆ వెంటనే ఇంకో చోటికి. మధ్యలో ఆగిపోతుంటే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడతాను, చదవగలిగింది ముందు లాగేసి, మొరాయించిన చోట్లకి మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఒక డ్రైవు వదిలేసింది ఇంకో డ్రైవు తీసుకుంటుంది, ఆ రెండూ కలిపి ఒకే ఫైలు చేస్తుంది. రాత్రంతా పడుతుంది ఒక్కోసారి. యూఎస్‌బీ డ్రైవ్ వాడేవాళ్లు హబ్బులో కాకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి, పాత యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపులే ఇస్తుంది, కరెంటు చాలక డిస్కు తిరగబోయి ఆగిపోతుంటుంది.

నా దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికి తీసుకెళ్లినా డిస్కుతో పాటు మీ లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లండి, డిస్కుని కవర్లో పెట్టి, తుడవకుండా.