మోకు బిగువు

నల్లగొండ
ఆదివారం

పిల్లలూ,

మీరు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. తాటిచెట్టు మీద గీత కార్మికుడు. తలకు చుట్టిన తువ్వాల, చెట్టు గరుకు, నడుముకు వేలాడే కుండ, అన్నీ ఫోటోలో ఉన్నట్టే దించేశారు. అయినా ఆ మనిషిని చూస్తే నాకు భయమేసింది.

మోకు చూడండి. చెట్టునూ అతని నడుమునూ కలిపి చుట్టిన తాడు. మీ బొమ్మలో అది పూలదండలా వదులుగా వేలాడుతోంది. కల్లు గీసేటప్పుడు ఆయన వెనక్కి వాలి బరువంతా ఆ మోకు మీదా, చెట్టుకు తన్నిపెట్టిన పాదాల మీదా వేస్తాడు. తాడు స్కేలుతో కొట్టిన గీతలా ఉండాలి. మీవాడు ఇంకో నిమిషంలో కింద పడతాడు! మీరు ఫోటో అంచుల వెంబడి పెన్సిల్ నడిపారే గానీ, బరువు ఎక్కడుందో వెతకలేదు.

ఫోటో చూసి వేస్తే అదేం కళ అనేవాళ్ళు ఉంటారు, పట్టించుకోకండి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఆయన వరుసగా కెమెరాలు పెట్టి, పరిగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. అప్పటిదాకా పేరున్న చిత్రకారులు కూడా దాని ముందుకాళ్ళు ముందుకు, వెనకకాళ్ళు వెనక్కి చాపి వేసేవాళ్ళు. నాలుగూ నేల విడిచినప్పుడు అవి పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని ఫోటోలే చూపించాయి.

అలాగని ఫోటోను గుడ్డిగా నమ్మినా మునుగుతాం. నేను గోడరాతలు రాసే రోజుల్లో ఒక నాయకుడి ఫోటో ఇచ్చారు. చెయ్యి చాపి మాట్లాడుతున్నాడు, దగ్గర నుంచి తీసింది. గళ్ళు కొట్టి ఉన్నదున్నట్టు గోడకెక్కించాను. తెల్లారి చూస్తే అరచెయ్యి మొహం కన్నా పెద్దది! ఊరంతా నవ్వారు, సగం డబ్బులే ఇచ్చారు. దగ్గరున్నదాన్ని కెమెరా ఉబ్బిస్తుంది. మీ ఫోన్ మరీను.

అందుకే బొమ్మకు కావలసిన ఫోటో మీరే తీయండి. పది పన్నెండు అడుగులు వెనక్కి జరిగి, ఫోన్ నడుమెత్తులో పట్టుకోండి. వెలుతురు ఒకే కిటికీలోంచి పక్కగా పడితే కండరాల మలుపు తెలుస్తుంది. ఫ్లాష్ వద్దు, మనిషి అప్పడంలా కనిపిస్తాడు. నాట్లేసే అమ్మల ఫోటో కావాలంటే ముందు అడగండి. వంగి పనిచేసేవాళ్ళకు వెనకనుంచి ఫోన్ పెడితే ఒళ్ళు మండదా మరి?

ఫోటో చేతికి రాగానే గీయొద్దు. లేచి మీరూ అలాగే నిలబడండి. ఒంటికాలి మీద బరువేస్తే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. అది మీ ఒంట్లో తెలియాలి. తర్వాత ఒక్క నిమిషంలో వెన్ను, భుజాలు, తుంటి, మూడే గీతలు. మేస్త్రి గోడకు గుండు వదిలినట్టు గొంతు గుంట నుంచి దారం వదిలారనుకోండి, అది బరువు మోసే పాదం దగ్గర పడాలి. పడకపోతే చెరిపేయండి. బట్టలు, మీసాలు తర్వాత.

వచ్చే ఆదివారం పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి పోదాం. అక్కడి స్తంభాల మీది బొమ్మల్లో ఎవరు ఏ కాలి మీద నిలబడ్డారో చెప్పాలి. ఫోన్లు ఇంట్లోనే పెట్టి రండి. నీళ్ళ సీసాలు మరిచిపోకండి.

మీ
డ్రాయింగ్ తాత