మెట్రో అప్పు పుట్టింది 2010లో

హైదరాబాద్ మెట్రోను కట్టి నడిపిన ఎల్‌అండ్‌టీ కంపెనీ దాన్నుంచి తప్పుకుంటోందని 2025 సెప్టెంబరులో తేలిన దగ్గర్నుంచి ఒకటే గొడవ. ప్రభుత్వమే వేధించి పంపేసిందని బీఆర్‌ఎస్ అంటోంది. నష్టాలు మోయలేక కంపెనీయే పోతానంటోందని ప్రభుత్వం అంటోంది. కుదిరిన అవగాహన ప్రకారం సుమారు 13 వేల కోట్ల అప్పు ప్రభుత్వం నెత్తిన పడుతుంది. కంపెనీ వాటా కింద ఇంకో 2 వేల కోట్లు చెల్లించాలి. ఇంత డబ్బు గురించి మాట్లాడుతూ ఇద్దరూ నిన్నమొన్నటి లెక్కలే తీస్తున్నారు. ఈ అప్పుకు బీజం పడింది 2010 టెండర్లలో.

సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మైటాస్ బృందం 2008లో ప్రభుత్వానికే ఎదురు డబ్బిస్తామని టెండరు దక్కించుకోవడం, సత్యం కుంభకోణం, 2009 జులైలో ఒప్పందం రద్దు... ఇవన్నీ అందరికీ గుర్తున్నవే. మధ్యలో వచ్చిన ఒక ఉత్తరాన్ని మాత్రం మరిచిపోయాం. 2008 సెప్టెంబరులో ఢిల్లీ మెట్రో అధిపతి శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి రాశారు. విలువైన భూమిని ప్రైవేటు కంపెనీ వ్యాపారానికి అప్పగించడం తప్పని, రేపు ఇది పెద్ద రాజకీయ కుంభకోణం అవుతుందని ఆయన హెచ్చరిక. క్షమాపణ చెప్పకపోతే పరువు నష్టం దావా వేస్తామంది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం. నాలుగు నెలలు తిరక్కుండానే సత్యం బండారం బయటపడింది.

ఆ దెబ్బతోనైనా పద్ధతి మారాల్సింది. కంపెనీ ఒక్కటే మారింది.

మళ్లీ పిలిచిన టెండర్లు 2010 జులైలో తెరిచారు. ప్రజలకు అవసరమైనా లాభం రాని ప్రాజెక్టులకు ప్రభుత్వం కొంత సొమ్ము ఊరికే ఇచ్చి, మిగతాది ప్రైవేటు కంపెనీని పెట్టుకోమనే పథకం ఒకటుంది. దాని పేరు వయబిలిటీ గ్యాప్ ఫండింగ్. కేంద్రం, రాష్ట్రం కలిపి ఖర్చులో 40 శాతం దాకా ఇవ్వొచ్చు. మెట్రో అంచనా అప్పుడు 12,132 కోట్లు కాబట్టి 4,800 కోట్ల పైచిలుకు ఇచ్చే వీలుంది. ఎల్‌అండ్‌టీ అడిగింది 1,458 కోట్లే. అంటే 12 శాతం. ఎవరు తక్కువ అడిగితే వాళ్లకే పని అన్నది నిబంధన కాబట్టి సెప్టెంబరులో ఒప్పందంపై సంతకాలైపోయాయి. మూడు వేల కోట్లకు పైగా ప్రజాధనం మిగిలిందని అందరూ సంబరపడ్డారు.

మిగిలిందనుకున్న ఆ డబ్బు అప్పు రూపంలో పుస్తకాల్లోకి ఎక్కింది. కంపెనీ రూపొందించుకున్న పెట్టుబడి లెక్క చూడండి. మాల్స్, ఆఫీసు భవనాలతో కలిపి మొత్తం 16,375 కోట్లు. అందులో ప్రభుత్వ సాయం 1,458 కోట్లు, కంపెనీ సొంత పెట్టుబడి 3,439 కోట్లు. తక్కిన 11,478 కోట్లు బ్యాంకుల అప్పు. వందలో డెబ్భై రూపాయలు అప్పు తెచ్చి పట్టాలు వేస్తే, మొదటి రైలు కదలకముందే వడ్డీ పరిగెడుతుంది.

ఆ వడ్డీ ఎలా కట్టాలి? టికెట్ల మీద సగం ఆదాయం, స్థలాల మీద 45 శాతం, ప్రకటనల మీద 5 శాతం వస్తుందని అనుకున్నారు. డిపోల దగ్గర, స్టేషన్ల దగ్గర 269 ఎకరాలిచ్చి, 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకోమన్నారు. నగరంలో స్థిరాస్తి వ్యాపారం ఎప్పుడూ పైకే పోతుందన్న ధీమా మీద ప్రజల ప్రయాణాన్ని నిలబెట్టడమంటే ఇదే. కట్టింది అందులో చిన్న భాగం. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. మొదట్లోనే రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారనుకున్నారు. ఈనాటికీ ఎక్కుతున్నది 5 లక్షల లోపే. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు తోపులాట చూసినవాళ్లకు ఆ 5 లక్షలు కూడా తక్కువనిపించవు. అయినా ఆ జనమంతా ఇచ్చే టికెట్ డబ్బు వడ్డీకి సరిపోదు.

ఎల్‌అండ్‌టీ వెళ్లిపోతాననడం కూడా కొత్త కాదు. తెలంగాణ ఏర్పడిన మూడు నెలలకే, 2014 సెప్టెంబరులో, ఈ ప్రాజెక్టు ఇక గిట్టుబాటు కాదు, మీరే తీసుకోండని ప్రభుత్వానికి లేఖ రాసింది. రాష్ట్ర విభజనతో నగరం పరిస్థితి మారిందన్నది దాని వాదన. అప్పటి బీఆర్‌ఎస్ ప్రభుత్వం అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర మార్గం మార్చమంది. మొదటి రెండు చోట్లా చివరికి పాత దారికే ఒప్పుకుంది. పాతబస్తీ ముక్క మాత్రం ఆగిపోయింది. స్థలం అప్పగించడంలో ప్రభుత్వం చేసిన ప్రతి జాప్యానికీ కంపెనీ వడ్డీ కట్టింది. ఈ విషయంలో కంపెనీ ఫిర్యాదు న్యాయమైనదే. ఇప్పుడు వేధింపులంటున్న బీఆర్‌ఎస్ తన హయాంలోని ఆ లేఖ గురించి కూడా మాట్లాడాలి.

కరోనాతో మెట్రో 2020 మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆగింది. ఆ ఏడాది నష్టం 1,767 కోట్లు. ప్రభుత్వం 3 వేల కోట్లు సర్దుతానని 900 కోట్లిచ్చింది. జనం మళ్లీ నిండుగా ఎక్కిన 2024-25లోనూ నష్టం 626 కోట్లు. మహిళలకు ఉచిత బస్సు దెబ్బ తీసిందని కంపెనీ అంటోంది. కొంత తీసి ఉండొచ్చు. కానీ ఆ పథకం వచ్చింది 2023 డిసెంబరులో. అప్పటికే నష్టాలు వేల కోట్లు దాటాయి. 2025 మేలో గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75 రూపాయలు చేసి, గోల కాగానే తగ్గింపు ఇచ్చి 69 చేశారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ తిరిగే ఉద్యోగికి ఆ తొమ్మిది రూపాయలు రానూపోనూ పద్దెనిమిది. 2010 నాటి లెక్కలోని లోటును వాళ్ల జేబు నుంచి పూడ్చుకున్నట్టే.

ప్రైవేటు మెట్రో చివరికి ప్రభుత్వం చేతికి రావడం ఇక్కడే కాదు. ఢిల్లీ ఎయిర్‌పోర్టు లైన్‌ను ప్రైవేటు కంపెనీ 2013లో వదిలేస్తే ఢిల్లీ మెట్రో నడుపుకుంటోంది. గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రో కూడా 2019లో ప్రభుత్వం చేతికే వచ్చింది.

ఇప్పుడీ బదిలీకి తొందర రెండో దశ వల్ల వచ్చింది. మొదటి దశ నడిపేవారితో పక్కా ఒప్పందం ఉంటేనే రెండో దశ ఫైలు కదులుతుందంది కేంద్రం. సంతకానికి ఎల్‌అండ్‌టీ సుముఖంగా లేదు. రెండో దశ 76.4 కిలోమీటర్ల అంచనా 24,269 కోట్లు. అందులో రాష్ట్రం 30 శాతం, కేంద్రం 18 శాతం, విదేశీ సంస్థల రుణం తదితరాలు 48 శాతం. ప్రైవేటు భాగస్వామ్యం 4 శాతమే.

ఈ వాటాలు నిర్ణయించినవాళ్లకు మొదటి దశలో ఏం జరిగిందో బాగా తెలుసు. మరి బదిలీ పత్రాల్లో ఏముందో జనానికీ చెప్పాలి. ఆ 269 ఎకరాల్లో ఇంకా ఖాళీగా ఉన్నదెంత, మాల్స్ అద్దె ఇకపై ఎవరికి, 13 వేల కోట్ల మీద వడ్డీ ఎంత, దాన్ని టికెట్ మీద వేస్తారా, బడ్జెట్‌లోంచి కడతారా?