వీరావల్ నంబర్లు, రంగం పెట్టె: ఇన్‌స్టలేషన్ కళ మీద అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎవరికైనా "ఇన్‌స్టలేషన్లు చేస్తాను" అని చెబితే ఏసీలు బిగిస్తాననుకుంటారు. ఒకాయన స్ప్లిట్ ఏసీకి ఎంతవుతుందని కూడా అడిగాడు. నేను చేసేది వేరే పని. వలస వెళ్ళినవాళ్ళ ఇళ్ళలోని వస్తువులతో, గోడలతో, గొంతులతో ఒక గదిని తయారుచేస్తాను. చూసేవాళ్ళు దాని ముందు నిలబడి చూడరు, లోపలికి నడిచి వస్తారు. ఈ పని గురించి తరచూ వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: బొమ్మ గీయడం రానివాళ్ళు చేసే పని ఇది.

గీత రాకపోతే మొదట తిట్టేది వడ్రంగి. గది కొలతలు, దూలం మోసే బరువు, వైరు ఎటు నుంచి లాగాలి, పిల్లాడు పట్టుకు ఊగితే ఏమవుతుంది, ఇవన్నీ ముందు కాగితం మీద పడాలి. కొరియా కళాకారుడు డో హో సు సియోల్‌లో తన తల్లిదండ్రుల ఇంటిని కొలిచి, పల్చటి పట్టుబట్టతో అదే కొలతల్లో ఇల్లు కుట్టాడు. 1999లో మొదలైన ఆ ఇల్లు ఇప్పటికీ దేశాలు తిరుగుతోంది. మడిస్తే పెట్టెలో పట్టేస్తుంది. పుట్టింటిని వెంట తీసుకుపోవాలనే కోరిక ఎవరికైనా ఉంటుంది. దాన్ని కొలతలు తప్పకుండా కుట్టడానికి మాత్రం చెయ్యి తిరగాలి.

అపోహ: ఇది విదేశీ సరుకు, మనకి పడదు.

పేరు బయటిదే, ఒప్పుకుంటాను. కానీ విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగే రోజు ఊరంతా ఏం చేస్తుంది? ప్రతి ఏడూ కొత్త చింతమాను వెతుకుతారు, ఊరికి తెస్తారు, దాని కొసన పూజారి కూర్చుంటాడు. కోట నుంచి గుడి దాకా జనం నిలబడితేనే అది సిరిమాను. జనం లేకపోతే వట్టి మాను. స్థలం, వస్తువు, మనిషి కలిసి ఒకే అనుభవం అవడం మనకి తెలియనిది కాదు. అలాగని సిరిమానే ఇన్‌స్టలేషన్ అని నేననను. అది మొక్కు. మొక్కుని కళ చేసేసి "మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు" అని చప్పట్లు కొట్టించుకోవడం నాకు నచ్చదు. సవర గిరిజనులు ఇంటిగోడ మీద వేసే ఎడిసింగ్ బొమ్మల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అవి దేవతల కోసం, పితరుల కోసం వేసినవి, హాలు అలంకారానికి కాదు.

అపోహ: వలస మీద పనంటే ఏడిపించాలి.

దీని మీదే నాకు ఎక్కువ కోపం. మా జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా పడవ సరిగ్గా కట్టుకునే రేవులు లేక మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి బోట్ల మీద కళాసీలుగా చేరుతున్నారు. ఆగస్టు ప్రాంతంలో వెళ్తే వేసవికి తిరిగొస్తారు. 2018 నవంబరులో వేటకెళ్ళి పాకిస్తాన్‌కు పట్టుబడినవాళ్ళు 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికి చేరారు. అదయిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. వేలమంది అక్కడే బోట్లలో ఇరుక్కుపోయారు. కష్టం లేదని ఎవరంటారు?

కానీ ఆ ఇళ్ళకి వెళ్తే వినిపించేది ఏడుపు ఒక్కటే కాదు. ఫలానా ఏడు వీరావల్ డబ్బుతో శ్లాబు వేశామని చూపిస్తారు. గుజరాతీ మాటలు పలికి నవ్విస్తారు. అక్కడి చపాతీని తిట్టుకుంటూనే ఇక్కడికొచ్చాక చపాతీ అడిగే మొగుడి గురించి ఒకావిడ అరగంట చెప్పింది. ఇవన్నీ వదిలేసి చిరిగిన వల, ఒంటరి చెప్పు పెట్టి లైటు తగ్గించేస్తే అది అబద్ధమే.

2016 కొచ్చి బినాలేలో (రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శన) చిలీ కవి రౌల్ సురీతా చేసిన పని చూడండి. ఒక పాత గోదాములో సముద్రపు నీరు నింపాడు. గోడల మీది పంక్తులు చదవాలంటే ఆ నీళ్ళలో నడిచి వెళ్ళాలి. సిరియా నుంచి పారిపోతూ 2015లో మునిగిపోయిన గాలిబ్ కుర్దీ అనే పిల్లవాడికి దాన్ని అంకితమిచ్చాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తమ్ముడి ఫొటో ప్రపంచమంతా చూసింది, అన్నకి ఆ ఫొటో కూడా లేదు. గదిలో శవం లేదు, బొమ్మ లేదు, తడిసే కాళ్ళున్నాయంతే.

మధ్యలో ఒక మాట. వలస అనగానే మా జిల్లా తేలినీలాపురానికి వచ్చే పక్షుల్ని పెట్టమని నాకు సలహా ఇవ్వనివాళ్ళు లేరు. సైబీరియా నుంచి వస్తాయంటారు కూడా. తేలినీలాపురంలో గూళ్ళు పెట్టే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు మన ఉపఖండంలోనే పిల్లల్ని పెంచుకునే జాతులు. అయినా పక్షికి మేస్త్రీ ఉండడు, అడ్వాన్సు బాకీ ఉండదు.

అపోహ: సామాన్లు పోగేస్తే సరిపోతుంది.

జపాన్‌లో పుట్టి బెర్లిన్‌లో ఉంటున్న చిహారు షియోటా 2015 వెనిస్ బినాలేలో రెండు పాత పడవల మీద, ఎర్ర దారాల వలకి వేలాది తాళంచెవులు వేలాడదీసింది. ఆ తాళంచెవులు కొన్నవి కాదు, రకరకాల దేశాల జనం ఇచ్చినవి. ఇచ్చిన తాళంచెవికీ కొన్న తాళంచెవికీ తేడా ఏమిటో నాకు సొంత తప్పుతో తెలిసొచ్చింది.

సోంపేట వైపు ఒక ఊళ్ళో వలస ఇళ్ళు తిరుగుతుంటే, తలుపు వెనక గోడ మీద బొగ్గుతో, సుద్దతో రాసిన ఫోన్ నంబర్లు కనిపించాయి. బోటు ఓనరుది, పక్క బోటు తండేలుది (బోటు నడిపే పెద్దది), మందులషాపుది. కొట్టేసినవి, దిద్దినవి, ఒకదాని మీద ఒకటి. ఆ గోడల్ని ఉన్నవున్నట్టు తెల్లటి ఖద్దరు బట్టల మీదికి ఎక్కించి, ఒక హాల్లో వరసగా వేలాడదీశాను. చాలా గొప్పగా వచ్చిందనుకున్నాను. మూడోరోజు ఒకావిడ నుంచి ఫోను: "ఏటి బావూ, మా ఆయనకి ఎవరెవరో ఫోన్లు చేస్తన్నారంట, ఎవరో పిల్లలు నవ్వి పెట్టేస్తన్నారంట."

పది అంకెలూ అలాగే వదిలేశాను మరి. ఇంట్లోకి రానిచ్చారు కదా అని, గోడని బజారులో పెట్టడానికి విడిగా అడగలేదు. ఆ రాత్రే బట్టలు దింపి, ప్రతి నంబరులో చివరి రెండంకెలూ తెల్లదారంతో కుట్టి మూసేశాను. తర్వాత ఊరెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ బట్ట మీద వేలు పెట్టి తడిమి, "ఆ రెండూ నాకు నోటికొచ్చులే" అంది. ఇప్పుడు నా దగ్గర ఒక పుస్తకం ఉంది. ఏ వస్తువు ఎవరిది, ఎన్నాళ్ళకి తెచ్చాను, ఎక్కడ చూపించవచ్చు, ఎప్పుడు తిరిగివ్వాలి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించాకే వేలిముద్ర.

అపోహ: వారసత్వమంటే పాతకాలంది, స్వచ్ఛమైనది.

పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ దవడ గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. అంటే ఊరి పేరు మీద చెలామణీ అయ్యే గుడ్డలోనే పరాయి ఏటి చేప ఉంది. మా నాయనమ్మ రేకుపెట్టెని ఇంట్లో రంగం పెట్టె అనేవాళ్ళం. రంగం అంటే రంగూన్. 1942లో జపాన్‌వాళ్ళు దిగినప్పుడు తాత దాన్ని మోసుకొచ్చాడు. అది మా వారసత్వమైతే, ఇవాళ పలాస స్టేషన్‌లో ప్లాస్టిక్ సంచీ మీద కూర్చున్న కుర్రాడి జిప్పు పోయిన బ్యాగు కూడా అంతే. నేను రెండూ పక్కపక్కనే పెడతాను.

అపోహ: చదువుకున్నవాళ్ళకే అర్థమవుతుంది.

చదువుకున్నవాళ్ళే ముందు వస్తువు పక్కన పెట్టిన చీటీ చదువుతారు. మిగతావాళ్ళు వస్తువు ముట్టుకుంటారు.

అపోహ: ప్రదర్శన అయిపోతే అంతా చెత్తే.

కొబ్బరితాడు ఆవుకి పోతుంది. వెదురు పందిరికి పోతుంది. అరువు తెచ్చినవి ఇళ్ళకి చేరతాయి. పోయినసారి ఒక పెద్దాయనకి వల తిరిగిచ్చాను. వేలాడదీయడానికి నేను వేసిన ముళ్ళు వైపు చూసి, "ఇవెవడు కట్టాడ్రా" అన్నాడు. నేనే అన్నాను. ఏమీ అనకుండా అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. సాయంత్రం దాకా పట్టింది.