లాగితే బిగిసే వేలు

కబడ్డీ ఆడే కుర్రాడొకడు అడిగాడు: వేలి కీలు తప్పితే మైదానంలోనే పట్టి లాగేస్తుంటారు, అది మంచిదేనా అని. చాలాసార్లు లాగితే కూర్చుంటుంది, నిజమే. లాగేకొద్దీ మొండికేసే కీలు ఒకటుంది. నాకు ఆసక్తి దాని మీదే.

ముందు మామూలు సంగతి. చేతిలో ఎక్కువగా తప్పేది వేలి నడిమి కణుపు. బంతి వేలి కొనకు తగిలితే నడిమి ఎముక వెనక్కి జారి మొదటి ఎముక వీపు మీదికి ఎక్కుతుంది. కణుపుకు అరచేతి వైపున వోలార్ ప్లేట్ అనే మందపాటి పలక ఉంటుంది. వేలు వెనక్కి విరగబడకుండా కాసేది అదే. ఈ దెబ్బకు అది నడిమి ఎముక దగ్గర ఊడుతుంది, ఒక్కోసారి ఎముక పెచ్చుతో సహా. ఎక్స్‌రే తీసి, మత్తు సూది వేసి, మెల్లగా లాగుతూ నెడితే సర్దుకుంటుంది. పెచ్చు పెద్దది కాకపోతే పక్క వేలితో జతకట్టి త్వరగా కదిలించడమే వైద్యం.

చూపుడువేలి మొదటి కణుపు, అంటే వేలు అరచేతిని కలిసే కీలు, కథ వేరు. ఇక్కడ పలక అరచేయి ఎముక వైపు తెగి, రెండు ఎముకల నడుమ దూరుతుంది. అరచేయి ఎముక గుండ్రటి తల, కాజాలోంచి గుండీలా అరచేతి వైపు పొడుచుకొస్తుంది. ఆ కాజాకు ఒక అంచు లంబ్రికల్ అనే చిన్న కండరం, రెండో అంచు వేలిని ముడిచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు. కాజా రెండు కొసలూ పట్టి లాగి చూడండి, అంచులు దగ్గరపడి గుండీ మెడను పట్టేస్తాయి. వేలిని లాగినా జరిగేది అదే. 1957లో కప్లాన్ అనే శస్త్రవైద్యుడు ఈ అమరికను వివరించాడు. పలకను తప్పించడానికి చివరికి కోత తప్పదు.

విచిత్రమేమిటంటే, ఇంత చిక్కుపడ్డ వేలు పైకి పెద్ద వంకరగా కనబడదు. అరచేతిలో చర్మం సొట్టపడుతుంది, అంతే. సగం తప్పిన వేలే నిక్కబొడుచుకుని భయపెడుతుంది. దాన్ని సర్దడం తేలిక. మణికట్టు వంచి టెండన్లను వదులు చేసి, వేలి ఎముకను అరచేయి ఎముక తలకు ఒరిపిస్తూ ముందుకు తోస్తే చాలు. సూటిగా లాగారో, పలక లోపలికి జారి చేజేతులా ఆపరేషన్ కొనితెచ్చుకున్నట్టే!

బడిలో ‘మడతబందు కీలు’ అని బొమ్మ గీయించి పాఠం ముగిస్తారు. ఈ పలక ఊసే ఉండదు. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకాన్ని నేను వెక్కిరించను. అయితే ఏ కట్టుకైనా ముందు ఎక్స్‌రే ఉండాలి. నూనె మర్దనా దిష్టి తీయడమూ పలకను కదిలించలేవు.

నడిమి కణుపు అరుదుగా అరచేతి వైపూ తప్పుతుంది. అప్పుడు తెగేది వేలిని చాచే టెండన్. దీనికి కదలిక కాదు, కణుపును చాచి సుమారు 6 వారాలు కదలనీయకపోవడమే మందు. లేదంటే కణుపు ఆ చీలికలోంచి పైకి తన్నుకొచ్చి వేలు వంకరగా స్థిరపడుతుంది.

మైదానంలో చేయదగిన పని ఒకటుంది: వాపు ముదరకముందే ఉంగరం తీసేయడం.