కాకినాడ వ్యాపారుల నుంచి కెన్యా సంతల దాకా

ఏదైనా ప్రాంతం వెనకబడి ఉంది, కుర్రాళ్లకు పనుల్లేవు అనగానే ప్రభుత్వాలు, బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు అందరూ ముందుగా చేసే పని ఒకటుంది. ఓ ముప్పై మందిని పోగుచేసి వ్యాపారం ఎలా పెట్టాలో క్లాసులు చెప్పడం. ఈడీపీ (వ్యాపారవేత్తల్ని తయారుచేసే కార్యక్రమం) అంటారు, స్వయం ఉపాధి శిక్షణ అంటారు, ఈ మధ్య బూట్‌క్యాంప్ అంటున్నారు. పేరు ఏదైనా ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు, అరవై ఏళ్లు దాటింది. పైగా దీని మొదటి పెద్ద ప్రయోగాల్లో ఒకటి జరిగింది మన కాకినాడ వ్యాపారుల మీదే అంటే చాలామంది నమ్మరు.

డేవిడ్ మెక్‌క్లెలాండ్ అని హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్ర ప్రొఫెసర్. కొన్ని సమాజాలు ఆర్థికంగా ముందుకెళ్లడానికి, కొన్ని ఆగిపోవడానికి వనరులు, పెట్టుబడి మాత్రమే కారణం కాదని, ఏదో సాధించాలన్న తపన మనుషుల్లో ఎంత ఉందన్నది కూడా ముఖ్యమని 1961లో ఒక పుస్తకమే రాశాడు. సరే, ఆ తపన చిన్నప్పటి పెంపకంలో రావాలి తప్ప పెద్దయ్యాక ఎక్కడొస్తుంది అని అప్పట్లో అందరూ అనుకునేవారు. నేర్పొచ్చు, చూపిస్తాను అన్నాడాయన. 1964, 65 ప్రాంతంలో కాకినాడ నుంచి 52 మంది వ్యాపారుల్ని హైదరాబాద్‌లోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు తీసుకొచ్చి శిక్షణ ఇచ్చారు. తమిళనాడులోని వెల్లూరు నుంచి కూడా కొందరు వచ్చారు. పోల్చి చూసుకోవడానికి శిక్షణ ఇవ్వని ఊరు కావాలి కదా, అందుకు రాజమండ్రిని పెట్టుకున్నారు.

ఇంతకీ ఏం నేర్పారు? పద్దులు రాయడం, జీఎస్టీ లాంటి పన్నుల లెక్కలు కాదు (జీఎస్టీ అప్పటికి పుట్టనే లేదనుకోండి). బొమ్మలు చూపించి కథలు రాయమన్నారు. రింగులు విసిరే ఆట ఆడించారు. మరీ దగ్గర నిలబడి ఖాయంగా గెలిచేవాడు ఎవరు, అందనంత దూరం నుంచి విసిరి అదృష్టం మీద వదిలేసేవాడు ఎవరు, కష్టమే అయినా సాధ్యమయ్యే దూరం ఎంచుకుని గురి చూసుకునేవాడు ఎవరు అని. ఆ మూడోవాడిలా ఆలోచించడం అలవాటు చేయడమే శిక్షణ. తిరిగి వెళ్లాక రెండేళ్లలో వీళ్లు మిగతావాళ్ల కంటే దాదాపు రెట్టింపు చురుగ్గా కొత్త పెట్టుబడులు పెట్టారని, కొత్త పనులు మొదలుపెట్టారని ఆయన బృందం 1969లో రాసింది. కులానికీ, సంప్రదాయ నమ్మకాలకీ ఫలితంతో పెద్దగా సంబంధం కనిపించలేదన్న మాట అప్పట్లో బాగా ప్రచారమైంది. ఇంకో సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు. వ్యాపారంలో సొంతంగా నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లకే ఈ శిక్షణ ఎక్కువగా పనికొచ్చింది. నాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటే కొడుక్కి ఎంత తపన పుట్టించి ఏం లాభం?

అక్కణ్నుంచి కథ గుజరాత్‌కి మారింది. 1970 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ పారిశ్రామిక సంస్థలు ఈ ఆలోచన తీసుకుని, దానికి ప్రాజెక్ట్ రిపోర్ట్, స్థలం, బ్యాంకు లోను కలిపి ఒక ప్యాకేజీ చేశాయి. ఇప్పుడు మనం ఈడీపీ అంటున్నది దాదాపుగా అదే. 1983లో అహ్మదాబాద్‌లో ఈడీఐఐ అనే జాతీయ స్థాయి శిక్షణ సంస్థ వచ్చింది, పరిశ్రమలకు అప్పులిచ్చే ఐడీబీఐ, ఐఎఫ్‌సీఐ, ఐసీఐసీఐ, వాటితో పాటు స్టేట్ బ్యాంక్ కలిసి పెట్టాయి.

ఇక్కడే దారి మళ్లిందని నాకనిపిస్తుంది. కాకినాడలో కూర్చోబెట్టింది అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లని, అదీ ఒకే ఊరివాళ్లని. ఊరు కదలాలి అన్నది లెక్క. తర్వాత వచ్చిన పథకాలకు నిరుద్యోగం తగ్గించడం లెక్క. 1979లో గ్రామీణ యువత కోసం ట్రైసెమ్ అనే స్వయం ఉపాధి శిక్షణ పథకం, 1993లో పీఎంఆర్‌వై (ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన), 2008లో పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం)... ఒక్కో పథకంలో శిక్షణ అన్నది లోను ఫైలు వెంట నడిచే ఒక కాగితంగా మారుతూ వచ్చింది. సర్టిఫికెట్ వస్తే సబ్సిడీ వస్తుంది కాబట్టి క్లాసుకి రావడం, అంతే. అధికారులకు ఎన్ని బ్యాచ్‌లు, ఎంతమంది అన్నది టార్గెట్. రెండేళ్ల తర్వాత ఎన్ని యూనిట్లు నడుస్తున్నాయో అడిగే నాథుడు లేడు.

అందరూ అలాగే చేశారని కాదు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల వాళ్లు, సిండికేట్, కెనరా బ్యాంకులు కలిసి పెట్టిన రుడ్‌సెటీ అనే శిక్షణ సంస్థ, శిక్షణ అయిపోయాక కూడా అభ్యర్థి వెంటపడేది. లోను వచ్చిందా, మొదలుపెట్టాడా, ఎక్కడ ఆగాడు అని. కేంద్రం దాన్నే నమూనాగా తీసుకుని జిల్లాకో ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) పెట్టించింది.

బయటి దేశాల్లోనూ ఇదే కాలంలో ఊపు వచ్చింది. అమెరికాలో కొత్త ఉద్యోగాల్లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలు కాదు, చిన్నవే ఇస్తున్నాయని డేవిడ్ బర్చ్ అనే పరిశోధకుడు 1979లో ఒక నివేదిక ఇచ్చాడు. ఆయన లెక్కల మీద తర్వాత బోలెడు గొడవ జరిగింది, అయినా నాయకులకు కావలసింది ఆ ఒక్క మాటే. ఫ్యాక్టరీని బతిమాలి రప్పించడం కంటే ఉన్న ఊళ్లోనే వ్యాపారులను తయారుచేయడం చవక కదా.

మరి పనిచేస్తోందా అని గట్టిగా కొలవడం మాత్రం గత పదిహేను, ఇరవై ఏళ్లలోనే మొదలైంది. 2014లో మెకెంజీ, వుడ్రఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని చూస్తే, మామూలు శిక్షణల ఫలితం అంతంత మాత్రంగానే తేలింది. నేర్చుకున్నవి కాస్త అమలు చేస్తారు, లాభం మాత్రం పెద్దగా కదలదు. తర్వాత 2017లో పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశం నుంచి వచ్చిన ఫలితం ఆసక్తికరంగా ఉంది. రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మామూలు వ్యాపార శిక్షణ, ఇంకో గుంపుకి చొరవ, ముందుచూపు, దెబ్బ తగిలినా వదలకపోవడం లాంటివి నేర్పే మనస్తత్వ శిక్షణ, మూడో గుంపుకి ఏమీ లేదు. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. మామూలు శిక్షణ వాళ్లవి 11 శాతం, అదీ నిజంగా శిక్షణ వల్లేనని గణాంకాలు ఖాయంగా చెప్పలేనంత. అంటే యాభై ఏళ్లు తిరిగి తిరిగి మళ్లీ ఆ రింగుల ఆట దగ్గరికే వచ్చామన్నమాట!

ఒక్క ప్రశ్న మిగిలింది, స్థానిక అభివృద్ధి అనేవాళ్లు ముందే అడగాల్సింది. శిక్షణ పొందినామె అమ్మకాలు పెరిగితే పక్క కొట్టామె గిరాకీ తగ్గిందేమో? అలాగైతే ఊరికి ఒరిగిందేమీ లేదు, డబ్బు ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది, అంతే. కెన్యాలో 157 పల్లె సంతల్లో దీన్నే కొలిచారు. మూడేళ్ల తర్వాత చూస్తే శిక్షణ పొందిన ఆడవాళ్ల అమ్మకాలు, లాభాలు పెరిగాయి, అదే సంతలో శిక్షణ లేకుండా కూర్చున్నవాళ్లు నష్టపోయిన జాడ కనిపించలేదు. మొత్తం సంతే కొంచెం పెద్దదైంది. కొత్త సరుకు పెట్టడం, వచ్చినవాళ్లతో బాగా మాట్లాడటం లాంటి చిన్న చిన్న మార్పులతోనే.