రీడర్ ఉన్న చోటి చట్టం: 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మన గేట్లకు ఎలా వచ్చింది

జాతీయ రహదారి 16 మీద ఒడిశా వైపు నుంచి దిగివచ్చే లారీ ఇచ్ఛాపురం దగ్గర బెల్లుపడలోను, నరసన్నపేట దాటాక మడపాంలోను, విజయనగరం జిల్లాలో ప్రవేశించాక నాతవలసలోను టోల్ గేట్ల కింద నుంచి వెళుతుంది. ముందు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటుకు బిగించిన రీడర్ పంపే రేడియో తరంగం నుంచే అది శక్తిని తీసుకుని, ఆ తరంగాన్నే తన గుర్తింపు సంఖ్యకు తగినట్టు మార్చి వెనక్కి ప్రతిఫలిస్తుంది. పైడిభీమవరం పారిశ్రామికవాడలో డ్రమ్ములను, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో యార్డు సరుకును, పలాస గోడౌన్లలో జీడిపప్పు డబ్బాలను లెక్కపెట్టాలనుకునేవారికి కూడా పనికివచ్చే పద్ధతి ఇదే. ట్యాగు ఏ దేశంలో తయారైనా ఎక్కడైనా చదవవచ్చు. రీడర్‌కు మాత్రం ఆ వెసులుబాటు లేదు. అది ఏ దేశపు నేల మీద పనిచేస్తుందో ఆ దేశపు ఫ్రీక్వెన్సీ నియమాలకు లోబడాలి. అమెరికాకు తయారైన రీడర్‌ను ఇంటర్నెట్‌లో చవకగా కొని రణస్థలం దగ్గర గేటుకు బిగించడం ఎందుకు తప్పో తెలియాలంటే ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

రేడియో పంపిణీ కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విభజించింది. యూరప్, ఆఫ్రికా దేశాలు మొదటి ప్రాంతంలో, ఉత్తర దక్షిణ అమెరికాలు రెండో ప్రాంతంలో, భారత్‌తో పాటు ఆసియాలో అధిక భాగం, ఆస్ట్రేలియా మూడో ప్రాంతంలో ఉన్నాయి. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన సమావేశం పరిశ్రమలు, ప్రయోగశాలలు, వైద్య పరికరాలు వెలువరించే రేడియో శక్తి కోసం కొన్ని బ్యాండ్లను పక్కన పెట్టింది. వాటిలో 13.56 మెగాహెర్ట్జ్, 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్నవి అన్ని ప్రాంతాలకూ వర్తిస్తాయి. 915 మెగాహెర్ట్జ్ కేంద్రంగా ఉన్న 902–928 బ్యాండ్ రెండో ప్రాంతానికి మాత్రమే దక్కింది. అర్ధ శతాబ్దం తరువాత పుట్టబోయే ఒక పరిశ్రమను అమెరికా ఖండాల్లో ఒక దారికి, మిగతా ప్రపంచాన్ని మరో దారికి మళ్లించింది ఆ ఒక్క తేడాయే.

బస్ కార్డులు, ఆఫీసు గుర్తింపు కార్డులు వాడే 13.56 మెగాహెర్ట్జ్‌లో దేశదేశాలకూ ఈ చిక్కు లేదు. అయితే అక్కడ రీడర్, ట్యాగు అయస్కాంత క్షేత్రం ద్వారా మాట్లాడుకుంటాయి కనుక దూరం సాధారణంగా మీటరు దాటదు. ఫోర్క్‌లిఫ్ట్ మీద కదిలిపోయే ప్యాలెట్‌నో, గేటు దాటే లారీనో నాలుగైదు మీటర్ల నుంచి చదవాలంటే వెయ్యి మెగాహెర్ట్జ్‌కు కొంచెం దిగువన ఉన్న ప్రాంతం కావాలి. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు మూడో వంతు మీటరు ఉంటుంది; అరచేతిలో పట్టే యాంటెన్నాతో ట్యాగు తగినంత శక్తిని అందుకోగలదు. దురదృష్టవశాత్తు మొబైల్ ఫోన్లకు అనువైన ప్రాంతమూ ఇదే.

అమెరికాలో 902–928 ముందే పరిశ్రమల బ్యాండ్‌గా ఉండడం వల్ల అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1985లో విస్తృత వర్ణపట (సంకేతాన్ని విశాలమైన బ్యాండ్‌లో పరిచే) పద్ధతిలో లైసెన్స్ లేకుండా అందులో ప్రసారం చేయడానికి అనుమతించింది. ఆ నియమాల పరంపరలోనే నేటి అమెరికన్ రీడర్ 26 మెగాహెర్ట్జ్ వెడల్పులో కనీసం 50 ఛానెళ్ల మధ్య గెంతుతూ 1 వాట్ శక్తిని, 6 డీబీఐ (యాంటెన్నా శక్తిని ఒక దిక్కుకు ఎంత కేంద్రీకరిస్తుందో చెప్పే కొలత) యాంటెన్నాతో కలిపి 4 వాట్ల ఈఐఆర్‌పీని (యాంటెన్నా నుంచి వెలువడే శక్తి కొలత) పంపుతుంది. రెండో ప్రాంతం బయట ఇంత విశాలమైన స్థలం పెద్ద దేశాలకు సులువుగా దొరకలేదు.

యూరప్‌లో జీఎస్‌ఎం ఫోన్లు అప్పటికే స్థిరపడ్డాయి. ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే 890–915 మెగాహెర్ట్జ్, టవర్ నుంచి ఫోన్‌కు వచ్చే 935–960 మెగాహెర్ట్జ్ నిండిపోయాయి. ఒకప్పుడు సీటీ2 కార్డ్‌లెస్ ఫోన్లకు ఇచ్చి, అవి కనుమరుగైన తరువాత ఖాళీ పడిన 864–868 ప్రాంతం మాత్రం మిగిలింది. యూరోపియన్ ప్రమాణాల సంస్థ ఈటీఎస్ఐ 2004లో ఈఎన్ 302 208 అనే ప్రమాణంతో 865–868 బ్యాండ్‌ను రీడర్లకు తెరిచి, అందులో 865.6–867.6 మధ్య 200 కిలోహెర్ట్జ్ వెడల్పు గల పది ఛానెళ్లలో 2 వాట్ల ఈఆర్‌పీ (వెలువడే శక్తికి మరో కొలత) వరకు అనుమతించింది. ప్రసారం మొదలుపెట్టేముందు ఛానెల్‌లో మరెవరూ లేరని విని నిర్ధారించుకోవాలన్న షరతును కూడా జోడించింది. కాగితం మీద ఇది మర్యాదగా కనిపించినా, పక్కపక్కనే ఇరవై లోడింగ్ తలుపులున్న గోడౌన్‌లో ఒక రీడర్ గొంతు విప్పగానే మిగతావన్నీ ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అందుకే తరువాతి సవరణల్లో ఆ షరతును తొలగించి, 865.7, 866.3, 866.9, 867.5 మెగాహెర్ట్జ్ కేంద్రాలుగా నాలుగు అధిక శక్తి ఛానెళ్ల ప్రణాళికకు మారారు. రీడర్లన్నీ ఈ నాలుగింటిని పంచుకుంటాయి. ట్యాగుల బలహీనమైన జవాబులు వాటి మధ్య ఉన్న ఖాళీల్లో వినబడతాయి. నియమం రాసేవారు వాడకం చూసి తమ నియమాన్ని సవరించుకున్న ఈ ఘట్టం నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

ఈ లోపల ట్యాగు వైపు ఏకీకరణ జరిగింది. 1999లో ఎంఐటీలో మొదలైన ఆటో-ఐడీ సెంటర్ కృషిని అందుకున్న ఈపీసీగ్లోబల్ సంస్థ 2004 డిసెంబరులో ట్యాగు, రీడర్ మాట్లాడుకునే తీరును నిర్దేశించే జెన్2 ప్రమాణాన్ని ఆమోదించింది; 2006లో అది ఐఎస్ఓ 18000-6సీగా అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. ట్యాగు 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడ పలకరించినా జవాబివ్వాలన్నది దాని కీలక నిర్ణయం. దేశాలను ఒక ఫ్రీక్వెన్సీకి ఒప్పించడం సాధ్యం కాదని గ్రహించి, భారాన్ని ట్యాగు యాంటెన్నా రూపకర్తల మీద పెట్టారు. పైడిభీమవరంలో 866 దగ్గర చదివిన డ్రమ్మును న్యూజెర్సీలో 915 దగ్గర చదవగలగడం ఈ నిర్ణయం ఫలితమే. అయితే ఒక బ్యాండ్‌కే సరిపెట్టిన చవక ట్యాగు రెండో బ్యాండ్‌లో తక్కువ దూరం పలుకుతుంది కనుక, ఎగుమతి సరుకుకు విస్తృత బ్యాండ్ ట్యాగులను ఎంచుకోవడం అవసరం.

ఇక మన దేశం. 1885 టెలిగ్రాఫ్ చట్టం, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం రేడియో పరికరం కలిగి ఉండడానికే లైసెన్స్‌ను తప్పనిసరి చేశాయి. మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది. ఆ పనిని 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం చూస్తోంది. 1995లో మన దేశంలో మొబైల్ సేవలు మొదలైనప్పుడు యూరప్ దారిలోనే జీఎస్‌ఎం 890–915, 935–960 వచ్చి కూర్చున్నాయి. ఆ తరువాత వచ్చిన సీడీఎంఏ ఫోన్లు 824–844లో పంపుతూ 869–889లో వినేవి. సీడీఎంఏ వాడిన ఈ రెండు పట్టీల నడుమ, ట్రంక్ రేడియోల పొరుగున, మిగిలిన సన్నని చోటు 865–867. 2005 మార్చిలో కేంద్రం జారీ చేసిన మినహాయింపు నియమాలు ఆ 2 మెగాహెర్ట్జ్‌ను లైసెన్స్ అక్కరలేకుండా తెరిచాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, వెలువడే శక్తి 4 వాట్ల ఈఆర్‌పీ, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్ అనే మూడు హద్దులు పెట్టాయి. మరొకరికి అంతరాయం కలిగించరాదు, మరొకరి నుంచి రక్షణ కోరరాదు, బ్యాండ్ ఎవరి సొంతమూ కాదు అన్నవి ఈ మినహాయింపు వెంట వచ్చే షరతులు.

అమెరికన్ రీడర్ ఇక్కడ చేసే హాని ఇప్పుడు స్పష్టమవుతుంది. అది గెంతే 902–928లో సగం, అంటే 902–915, మన దేశంలో ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. దూరాన ఉన్న ఫోన్ పంపే అతి సన్నని సంకేతాన్ని వినడానికి చెవి ఒగ్గి ఉండే టవర్ రిసీవర్‌కు, ఫ్యాక్టరీ గేటు నుంచి నాలుగు వాట్ల ప్రసారం నిరంతరం తగిలితే ఆ చుట్టుపక్కల పల్లెల్లో కాల్స్ తెగిపోతాయి. అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తున్న మనిషి కాల్ కూడా అందులో ఉండవచ్చు. అందువల్ల రీడర్ మెనూలో కనిపించే ప్రాంతం ఎంపికను సౌకర్యంగా చూడడం సరికాదు. భారత్ అని ఎంచుకోవడం చట్టపరమైన బాధ్యత; ఆ ఎంపికే లేని రీడర్‌ను ఇక్కడ వాడకూడదు.

శక్తి లెక్కలో ఇంకొక పొరపాటు తరచుగా జరగడానికి అవకాశం ఉంది. మన నియమం, యూరప్ నియమం ఈఆర్‌పీలో, అమెరికా నియమం ఈఐఆర్‌పీలో ఉన్నాయి. మొదటిది డైపోల్ యాంటెన్నాతో పోల్చి, రెండోది అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరించే ఊహాత్మక యాంటెన్నాతో పోల్చి చెప్పే కొలత; రెండింటి మధ్య 1.64 రెట్ల తేడా ఉంది. కనుక మన 4 వాట్లు అమెరికన్ కొలతలో సుమారు 6.6 వాట్లు, యూరప్‌లోని 2 వాట్లు సుమారు 3.3 వాట్లు. సన్నని బ్యాండ్ ఇచ్చినా శక్తి విషయంలో మన నియమం ఉదారంగానే ఉంది. అయినా 9 డీబీఐ యాంటెన్నా తెచ్చి, కేబుల్ నష్టం లెక్కలోకి రానంత దగ్గరగా బిగించి, పూర్తి 1 వాట్ పంపితే వెలువడేది దాదాపు 4.8 వాట్ల ఈఆర్‌పీ అవుతుంది. అలాంటి చోట రీడర్ శక్తిని ఆ మేరకు తగ్గించాలి.

2005 తరువాత ఈ బ్యాండ్‌కు అతిపెద్ద పరీక్ష రహదారులపై ఎదురైంది. టోల్ వసూలుకు ఏ సాంకేతికత ఉండాలో తేల్చేందుకు నందన్ నీలేకని అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2010లో బ్యాటరీ లేని జెన్2 ట్యాగులను సిఫారసు చేసింది. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్లలో అన్ని లేన్లూ ఫాస్టాగ్ లేన్లయ్యాయి. రైల్వే కూడా బార్‌కోడ్లను నిర్వహించే జీఎస్1 సంస్థ ప్రమాణాలతో వ్యాగన్లకు ట్యాగులు, పట్టాల పక్కన రీడర్లు అమర్చే పని చేపట్టింది. కిరండూల్ నుంచి ఖనిజం తెచ్చే కొత్తవలస మార్గం, పలాస–ఆమదాలవలస–విజయనగరం ప్రధాన మార్గం ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు అది దూరపు సంగతి కాదు. విమాన ప్రయాణికుల సామాను జాడ తెలుసుకోవడానికి ట్యాగులు వాడాలని విమానయాన సంస్థల సంఘం ఐయాటా 2019లో తీర్మానించింది కనుక, భోగాపురం విమానాశ్రయానికి కూడా ఇదే బ్యాండ్‌తో పని పడవచ్చు.

రీడర్లు పెరిగే కొద్దీ 2 మెగాహెర్ట్జ్ ఇరుకు తెలిసివచ్చింది. 200 కిలోహెర్ట్జ్ చొప్పున అందులో పట్టేవి పది ఛానెళ్లే. ట్యాగుకు ఛానెళ్ల మధ్య తేడా తెలియదు. తన మీద పడే రీడర్లన్నిటి తరంగాలూ దానికి ఒకేసారి వినిపిస్తాయి. ఎదురెదురుగా ఉన్న రెండు గేట్ల యాంటెన్నాలు ఒకదాన్నొకటి చూస్తుంటే రెండూ సరుకును వదిలేస్తాయి. పైగా 869 దగ్గర నుంచే మొబైల్ టవర్ల ప్రసారం మొదలవుతుంది. ఒకప్పటి సీడీఎంఏ చోట ఇప్పుడు 4జీ నడుస్తోంది. గోడౌన్ కప్పు మీదో పక్కస్థలంలోనో టవర్ ఉన్నచోట రీడర్ చూపు తగ్గడానికి ఇది ఒక కారణం కావచ్చు. శక్తి పెంచడం ఇందుకు మందు కాదు. యాంటెన్నా దిశ మార్చడం, గేట్లను వంతులవారీగా పనిచేయించడం, తక్కువ శక్తితో దగ్గర నుంచి చదవడం మేలు.

ఈ ఇరుకు ఢిల్లీ దాకా చేరింది. యంత్రాల మధ్య సమాచారం గురించి 2017లో చేసిన సిఫారసుల్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 867–868ని కూడా లైసెన్స్ నుంచి మినహాయించాలని కోరింది; 2021 చివరి నాటి నియమాలతో బ్యాండ్ 865–868గా విస్తరించింది. కేవలం ఒక మెగాహెర్ట్జ్ అయినా దాని ప్రభావం పెద్దది. అంతవరకు యూరోపియన్ సెట్టింగ్‌తో ఇక్కడ నడిపిన రీడర్ నాలుగు ఛానెళ్లలో ఒకటి, 867.5, మన హద్దుకు బయట పడేది, 866.9 ఛానెల్ అంచు సరిగ్గా 867ను తాకేది. యూరప్ రీడరే కదా, బ్యాండ్ దాదాపు ఒకటే కదా అని సరిపెట్టుకున్నవారు తెలియకుండానే నియమం దాటుతుండేవారు. ఇప్పుడు ఆ నాలుగూ హద్దు లోపలే ఉన్నాయి. 2018లో యూరప్ అదనంగా తెరిచిన 915–921 ఛానెళ్లకు మాత్రం మన నియమంలో చోటు లేదు.

హద్దు లోపల ఉన్నంత మాత్రాన ప్రతి రీడర్‌నూ బిగించవచ్చని కాదు. ఆ మోడల్‌కు పరికర రకం ఆమోదం ఉండాలి. లైసెన్స్ అక్కరలేని బ్యాండ్లలోని పరికరాలకు దిగుమతిదారు సరళ్ సంచార్ పోర్టల్‌లో స్వీయ ప్రకటన ద్వారా దాన్ని పొందుతాడు. 1885, 1933 చట్టాల స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని తెచ్చినా, పాత మినహాయింపు నియమాలు కొత్తవి వచ్చేవరకు కొనసాగేలా అందులోనే ఏర్పాటు ఉంది. రీడర్ కొనేముందు ఆమోద పత్రంలోని మోడల్ సంఖ్య, పెట్టె మీది సంఖ్య ఒకటేనా అని, ఫర్మ్‌వేర్‌లో (రీడర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) భారత్ ఎంపిక 865–867కే ఆగిందా 868 వరకు వెళుతుందా అని అమ్మకందారును రాతపూర్వకంగా అడగాలి. 867కే ఆగిన పాత రీడర్ ఇప్పటికీ చట్టబద్ధమే. దాన్ని మార్చాల్సిన పని లేదు, అయితే కొత్త మెగాహెర్ట్జ్ ప్రయోజనం దానికి అందదు.