ఐరన్ మ్యాన్ హెల్మెట్ మూతని లేపేది మోటార్ బలం ఒక్కటే కాదు

ఈ మధ్య మన ఒంగోలు, నెల్లూరు వైపు స్కూలు యానివర్సరీలకి, కాలేజీ ఫెస్టులకి పిల్లలు ఐరన్ మ్యాన్ హెల్మెట్లు సొంతంగా చేసుకుని వస్తన్నారు. ఫోమ్ షీటుతో కొందరు, త్రీడీ ప్రింటర్‌తో కొందరు. బటన్ నొక్కగానే ముఖం మీద మూత సర్రుమని పైకి లేస్తే హాలంతా ఈలలే. నాకు మాత్రం ఆ మూత వెనకాల ఏముందో చూడాలనిపించిద్ది, ఎందుకంటే అసలు అందం అక్కడే ఉంది.

2008లో వచ్చిన మొదటి ఐరన్ మ్యాన్ సినిమాకి స్టాన్ విన్‌స్టన్ స్టూడియో వాళ్ళు నిజంగా తొడుక్కునే సూట్లు చేశారు గానీ తెరమీద కదిలే భాగాల్లో చాలావరకు కంప్యూటర్ గ్రాఫిక్సే. 2018 నాటి అవెంజర్స్ సినిమాకి వచ్చేసరికి నానో టెక్నాలజీ అని చెప్పి హెల్మెట్ గాల్లోంచి వచ్చినట్టు చూపించారు, అందులో కీలూ లేదు బోల్టూ లేదు. గ్రాఫిక్స్‌లో ఒక ముక్క ఇంకో ముక్కలోంచి దూరిపోయినా అడిగేవాడు లేడు. మన ఇంట్లో చేసే హెల్మెట్‌కి ఆ సౌకర్యం లేదు గదా, ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కి తగిలితే ఆగిపోద్ది అంతే.

ఎవరికైనా ముందు తట్టేది ఏంటంటే కణతల దగ్గర రెండు పక్కలా చెరో బోల్టు పెట్టేసి తలుపు తిప్పినట్టు మూతని పైకి తిప్పేయడం. బైకు హెల్మెట్ అద్దం అట్లాగే పనిచేసిద్ది, ఎందుకంటే ఆ అద్దం హెల్మెట్‌కి బయట ఉంటది. ఐరన్ మ్యాన్ మూత అట్లా కాదు, చుట్టూ ఉన్న గాడిలో సరిగ్గా దిగి నుదుటి దగ్గర హెల్మెట్‌తో సమానంగా కూర్చుంటది, ఆ సన్నని గీత కనపడితేనే దానికి ఆ రూపు. కణత దగ్గర బోల్టు మీద తిప్పితే మూత పై అంచు వెనక్కి పోయి నుదుటి పెంకుకి కొట్టుకుంటది. అంటే మూత ముందు గాడిలోంచి బయటకి రావాలి, ఆ తర్వాత పైకి పోవాలి. ఒకే మోటార్ ఈ రెండు పనులూ వరసగా ఎట్లా చేసిద్ది?

దీనికి జవాబు నాలుగు కడ్డీల మెకానిజం. హెల్మెట్ లోపల ఒక్కో పక్క రెండేసి పుల్లలు, ఒక్కో పుల్లకి ఒక చివర హెల్మెట్‌కి బోల్టు, రెండో చివర మూతకి బోల్టు. రెండు పుల్లలు, హెల్మెట్, మూత కలిపితే నాలుగు కడ్డీలు. మూత మూసున్నప్పుడు పుల్లలు కిందికి వేలాడతా ఉండాలి, కీలకం ఇదే. కిందికి వేలాడే పుల్లని తిప్పితే దాని చివర మొదట ముందుకే జరుగుద్ది, ఇంకా తిప్పితే పైకి లేచిద్ది. ముందుకి, తర్వాత పైకి, మనకి కావలసింది కూడా అదే. రెండు పుల్లలూ సమానంగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే మూత వాలకుండా నిటారుగానే లేచిద్ది, ఒకదాన్ని కాస్త పొట్టి చేస్తే లేచేకొద్దీ వాలి తల మీద ఆనుకుంటది.

ఇంకో మేలు కూడా ఉంది, నాకు బాగా నచ్చింది ఇదే. పాత కిరాణా కొట్టు కౌంటర్ మీద పైన రెండు పళ్ళేలుండే కాటా గుర్తుందా? సరుకు పళ్ళెం మధ్యలో పెట్టినా అంచున పెట్టినా తూకం మారదు. 1669లో రోబర్వాల్ అనే ఫ్రెంచి గణిత పండితుడు చూపించిన మెకానిజం అది, దాని లోపలా ఇట్లాంటి సమాంతర పుల్లలే. మూత విషయం కూడా అంతే, మూత బరువు పుల్లకి ఎంత దూరంలో ఉందన్నది మోటార్‌కి దాదాపు పట్టదు, పుల్ల పొడవే లెక్క. చిన్న సర్వో మోటార్, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటార్, దాని బలం సుమారు 1.8 కిలో సెంటీమీటర్లు, అంటే ఇరుసుకి ఒక సెంటీమీటర్ దూరంలో 1.8 కిలోలు లేపగలదు. 150 గ్రాముల మూతని మామూలు బందు మీద పెట్టి దాని బరువు 12 సెంటీమీటర్లు ముందుకి ఉంటే 1.8 మొత్తం అయిపోయిద్ది, ఇంక ఊపిరాడదు. అదే 5 సెంటీమీటర్ల పుల్లల మీద పెడితే పుల్ల అడ్డంగా ఉన్న క్షణంలో కూడా 0.75 చాలు. మోటార్ అదే, మూత అదే, బోల్టుల చోటు ఒక్కటే మారింది.

అయితే మెడకి మాత్రం ఈ లెక్క వర్తించదు, మెడకి దూరం దూరమే. దసరాకి ఒంగోల్లో కళారాలు, అంటే పెద్ద పెద్ద దేవతల ముఖాలు, మోసేవాళ్ళని చూసినోళ్ళకి, ముఖం ముందుకి లాగితే మెడ మీద ఎంత పడిద్దో వేరే చెప్పక్కర్లా. అందుకే బ్యాటరీని తల వెనక వైపు పెడతారు.

మా బంధువుల కుర్రోడు ఒకడు హెల్మెట్ తెచ్చి "బాబాయ్, మూత సగం లేచి వణుకుతంది, తర్వాత అంతా ఆగిపోయి మళ్ళీ మొదలవుతంది" అన్నాడు. పక్కకొకటి పెట్టిన రెండు సర్వోలకీ కరెంటు ఆర్డినో బోర్డు నుంచే ఇచ్చాడు, అంటే సర్వోలకి ఎటు తిరగాలో చెప్పే చిన్న కంప్యూటర్ బోర్డు నుంచే. ఇట్లాంటి సర్వో బరువుకి ఇరుక్కుంటే ఒక్కోటి అర ఆంపియర్ పైనే లాగిద్ది, దాంతో వోల్టేజి పడిపోయి బోర్డు రీస్టార్ట్ అయిద్ది. సర్వోలకి బ్యాటరీ నుంచి విడిగా 5 వోల్టులు ఇచ్చి గ్రౌండ్ వైరు ఒక్కటి బోర్డు గ్రౌండ్‌తో కలిపితే సరిపోయింది. ఇంకోటి, ఎడమ సర్వో కుడి సర్వోకి అద్దంలో బొమ్మ లాగా తిరగబడి ఉంటది, ఒకటి 0 నుంచి 90 డిగ్రీలకి పోతే రెండోది 90 నుంచి 0కి రావాలి. రెండూ కలిసి కదలకపోతే మూత మెలితిరిగి గాడిలో ఇరుక్కుంటది.

అయస్కాంతాల దగ్గర చాలామంది దెబ్బతింటారు. మూత కదలకుండా ఉండాలని గడ్డం దగ్గర నియోడిమియం బిళ్ళలు గట్టివి పెడతారు. మామూలు బందు మూతలో గడ్డం బందుకి 18 సెంటీమీటర్లుంటే, 300 గ్రాముల పట్టున్న బిళ్ళని ఊడదీయడానికే 5.4 కిలో సెంటీమీటర్లు కావాలి, చిన్న సర్వో వల్ల కాదు. బిళ్ళల మధ్య టేపు ఒకటి రెండు పొరలు వేస్తే పట్టు బాగా తగ్గిద్ది, ఎందుకంటే ఖాళీ కొంచెం పెరిగినా అయస్కాంతం లాగుడు చాలా పడిపోద్ది. కీలు బోల్టులు కూడా బిగించకూడదు. లోపల నైలాన్ రింగు ఉండే నట్టు వేసి, పుల్ల ఊగకుండా తేలిగ్గా తిరిగేంత వరకే తిప్పి వదిలేయాలి, మామూలు నట్టు వేస్తే పది సార్లు తెరిచేసరికి అదే ఊడొచ్చిద్ది.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర్లోనే మెత్తబడిద్ది. రోహిణి కార్తెలో అద్దాలు మూసిన కార్లో డ్యాష్‌బోర్డు మీద హెల్మెట్ పెట్టి పోతే రెండు మిల్లీమీటర్లు వంకర పోవడానికి ఎంతోసేపు పట్టదు, అంత వంకర చాలు మూత గాడిలో దిగకపోవడానికి. పీఈటీజీ అనే ప్లాస్టిక్ అయితే సుమారు 80 దగ్గర గానీ మెత్తబడదు, మన జిల్లాలకి అదే నయం.

ఇవి బండి మీద పెట్టుకునే హెల్మెట్లు కావు, దెబ్బ తగిలితే కాపాడవు, అందుకని రోడ్డు మీదకి ఐఎస్ఐ మార్కుదే. పిల్లలకి తొడిగే ముందు ఒక పని తప్పకుండా చేయండి, బ్యాటరీ తీసేసి మూత మూసి, పిల్లోడు తన చేత్తో తానే మూత తీసుకోగలుగుతున్నాడా లేదా చూడండి. కరెంటు లేని సర్వో బిగుసుగా తిరిగిద్ది, బలవంతంగా లాగితే లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరుగుతాయి. అందుకే సర్వో చేతికీ పుల్లకీ మధ్య స్క్రూ బదులు చిన్న అయస్కాంతం పెట్టుకుంటే మంచిది, గట్టిగా లాగితే అక్కడ విడిపోయి మూత చేతిలోకి వచ్చేసిద్ది.